తిప్పగానే తడబడే బుల్లెట్

పోత ఇనుప ఇంజనున్న పాత బుల్లెట్ 350 ఒకటి ఐడిలింగులో నిలకడగా కొట్టుకుంటుంది. మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే మెల్లగానే వేగం అందుకుంటుంది. ఒక్కసారిగా తిప్పితే మాత్రం, దూకాల్సిన బండి ఓ క్షణం గుక్కపట్టినట్టు ఆగి, జర్కు ఇచ్చి, ఆ తరువాత గానీ లేవదు. ఎదురుగా బస్సు వస్తుండగా లారీని దాటుతున్నవాడికి ఆ క్షణం చాలా పెద్దది. ఈ లోపాన్ని పట్టుకోవడంలో బళ్ళు బాగుచేసేవాళ్ళకు రెండు దారులున్నాయి. అనుమానం వచ్చిన భాగాన్ని మార్చి చూడమంటుంది ఒకటి. తప్పు ఎక్కడుందో తేల్చుకున్నాకే రెంచీ పట్టమంటుంది రెండోది. నా మొగ్గు రెండోదాని వైపే, దాచను. అయినా మొదటిదాన్ని బద్ధకమని కొట్టిపారేయడం అన్యాయం. దానికీ అనుభవం ఉంది, తర్కం ఉంది, బతుకుతెరువు లెక్క ఉంది. అందుకే ఆ వాదాన్ని విజయవాడ ఆటోనగర్ లాంటి చోట షెడ్డు నడుపుకునే ఒక మెకానిక్ నోట పెడుతున్నాను. నా వాదాన్ని పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారికి అప్పగిస్తున్నాను. మనుషులిద్దరూ కల్పితం. బండి మాత్రం 1950ల మధ్య నుంచి మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారవుతూ వచ్చిన అసలు బండే: బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, 346 సీసీలు, దానికి మిక్‌కార్బ్ వీఎం24 కార్బొరేటర్.

మెకానిక్: ఇందులో అంత తేల్చాల్సింది ఏముందండీ మాస్టారూ? పికప్ ఇచ్చేటప్పుడు మిస్సింగ్ కొట్టిందంటే కార్బొరేటరే. పాతికేళ్ళు తిరిగిన వీఎం24లో స్లైడు అరిగి ఉంటుంది, నీడిల్ జెట్టు అరిగి ఉంటుంది, పైలట్ జెట్టులో జిగురు పట్టి ఉంటుంది, ఫ్లోటు కింద చెత్త పేరుకుని ఉంటుంది. వీటిలో ఏదా అని పొద్దస్తమానం వెతికే బదులు కొత్తది తెచ్చి బిగిస్తే గంటలో బండి షెడ్డు దాటుతుంది. అంత డబ్బు పెట్టలేనన్నవాడికి మెయిన్ జెట్టు ఒక సైజు పెంచుతాం, నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దించుతాం. బండి సర్దుకుంటుంది, అతను నవ్వుకుంటూ వెళ్తాడు. మీరు చెప్పే పరీక్షలన్నీ కాలేజీ షెడ్డులో బాగుంటాయండీ. అక్కడ బండి కోసం ఎవరూ గుమ్మంలో నిలబడరు కదా.

మాస్టారు: సర్దుకుంటుందని నేనూ ఒప్పుకుంటాను అబ్బాయ్. నా అనుమానమంతా ఆ సర్దుకోవడం మీదే, కాసేపట్లో అక్కడికే వస్తాను. ముందు నువ్వు మారుస్తానంటున్న వస్తువులో ఆ అర సెకనులో ఏం జరుగుతుందో చూడు. ఐడిలింగులో స్లైడు దాదాపు మూసుకుని ఉంటుంది. దాని వెనక, ఇంజను వైపు, బలమైన పీల్పు ఉంటుంది, పైలట్ రంధ్రంలోంచి పెట్రోలు వస్తుంటుంది. నువ్వు గ్రిప్పు తిప్పగానే స్లైడు ఒక్క ఉదుటున లేస్తుంది. దారి వెడల్పయింది, కానీ ఇంజను వేగం ఇంకా పెరగలేదు. కాబట్టి నీడిల్ జెట్టు మీదుగా పోయే గాలి వడి ఆ క్షణానికి పడిపోతుంది. పెట్రోలు ఎక్కువ కావాల్సిన సమయంలోనే దాన్ని పైకి లాగే బలం తగ్గిందన్నమాట. పైగా గాలి తేలిక, పెట్రోలు బరువు. ఘనపరిమాణం లెక్కన గాలికన్నా ఇంచుమించు 600 రెట్లు. ఒకే కాడికి కోడెనూ దున్ననూ కట్టినట్టు, గాలి ముందు దూకుతుంది, పెట్రోలు వెనకబడుతుంది. ఇన్‌లెట్ దారిలో పీల్పు తగ్గేసరికి ఆవిరైన పెట్రోలులో కొంత మళ్ళీ గోడలకు తడిగా అంటుకుంటుంది. ఇన్ని కలిసి మిశ్రమం ఒక్కసారిగా పలచబడుతుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజను సెకనుకు పన్నెండున్నర సార్లే పీలుస్తుంది. అర సెకనంటే ఆరు పీల్పులు. ఉన్నది ఒక్క సిలిండరే కాబట్టి వాటిలో రెండు సరిగా అంటుకోకపోయినా నడిపేవాడికి జర్కు తెలుస్తుంది. దీన్ని ముందే ఊహించి స్లైడు కింది అంచును గాలి వచ్చే వైపు కొంత కోసి తయారు చేస్తారు. ఆ కోత తక్కువైతే చిన్న తెరుపుల దగ్గర పెట్రోలు మీద లాగుడు పెరిగి మిశ్రమం చిక్కబడుతుంది. కోత ఎక్కువైతే పలచబడుతుంది. కార్లకుండే యాక్సిలరేటర్ పంపు దీనికి లేదు. పంపు చేయాల్సిన పనిని ఈ కోత, పైలట్ దారి, నీడిల్ మొదటి భాగం పంచుకుంటున్నాయి. అంటే, ఆరోగ్యంగా ఉన్న కార్బొరేటర్ కూడా ఆ క్షణంలో అంచు మీదే నడుస్తుంది. ఇంజనులో మరెక్కడ చిన్న బలహీనత ఉన్నా అది బయటపడేది అక్కడే. అందువల్ల లక్షణం కార్బొరేటర్ దగ్గర కనిపించినంత మాత్రాన కారణం దానిలోనే ఉందని తీర్పు చెప్పడానికి లేదు.

మెకానిక్: ఏ తెరుపుకు ఏ జెట్టో నాకూ తెలుసండీ. తెరుపులో ఎనిమిదో వంతు దాకా పైలట్ జెట్టు, అక్కడి నుంచి పావు దాకా స్లైడు కోత, పావు నుంచి ముప్పావు దాకా నీడిలు, ఆపైన మెయిన్ జెట్టు. కానీ ఆ హద్దులు కాగితం మీదే అంత చక్కగా ఉంటాయి. ఒకదాని ప్రభావం ఇంకోదాని మీదికి పాకుతుంది. ఎయిర్ స్క్రూ తిప్పితే పావు తెరుపు దగ్గర కూడా తేడా తెలుస్తుంది. దానికితోడు, మనం మాట్లాడుతున్నది గబాలున తిప్పినప్పుడు వచ్చే మిస్సింగ్ గురించి. ఒక్క లాగులో స్లైడు ఆ హద్దులన్నీ దాటేస్తుంది. ఇంక ఏ గడిలో తప్పు జరిగిందో మీ పటం ఎలా చెబుతుందండీ?

మాస్టారు: మంచి పట్టు పట్టావు. గబాలున తిప్పి చూస్తే ఆ పటం ఏమీ చెప్పదు. అందుకే పరీక్ష అక్కడ మొదలుపెట్టకూడదు. కేబులులో వదులు సరిచేసి, గ్రిప్పు మీద ఒక టేపు ముక్క, దాని పక్కనే కదలని భాగం మీద ఇంకో ముక్క అంటించు. మూసిన చోటు, పావు, సగం, ముప్పావు, పూర్తి తెరుపు గుర్తులు పెట్టు. ఇంజను బాగా వేడెక్కాక, వాహనాలు లేని చదునైన రోడ్డు మీద ఒక్కొక్క గుర్తు దగ్గర గ్రిప్పు కదలకుండా పట్టుకుని కొంతదూరం నడుపు. ఏదో ఒక గుర్తు దగ్గర నిలకడగా పట్టుకున్నా మిస్సింగ్ ఉంటే, ఆ తెరుపును ఏలే భాగం మీద అనుమానం న్యాయమైనది. అన్ని గుర్తుల దగ్గరా శుభ్రంగా లాగి, గబాలున తిప్పినప్పుడే తడబడితే అది వేరే కథ. అప్పుడు జెట్లన్నీ తమ తమ చోట్ల సరిపడా పెట్రోలు ఇస్తున్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి చేతులు మారే చోట గానీ, ఇగ్నిషన్‌లో గానీ లోపం ఉంది. హద్దులు ఒకదాని మీదికి ఒకటి పాకుతాయన్నావు, నిజం. ఈ రెండు రకాలను విడదీయడానికి హద్దులు గీత గీసినట్టు ఉండనక్కర్లేదు. ఇదే పరీక్ష నీ మెయిన్ జెట్టు అలవాటును కూడా ప్రశ్నిస్తుంది. పావు తెరుపు దగ్గర నీడిలుకూ నీడిల్ జెట్టుకూ మధ్య ఉన్న సందు మెయిన్ జెట్టు రంధ్రం కన్నా ఇరుకు. పెట్రోలును కొలిచి ఇచ్చేది ఆ సందే. కింద జెట్టు ఒక సైజు పెంచితే అక్కడ చెప్పుకోదగ్గ మార్పు ఏం రావాలి?

మెకానిక్: రాకూడదంటారు. మరి వచ్చిందండీ! జెట్టు పెంచాక మిస్సింగ్ పోయిన బళ్ళు ఎన్నో ఉన్నాయి. కళ్ళెదుట జరిగినదాన్ని లెక్కతో కాదంటే ఎలా?

మాస్టారు: కాదనను. నువ్వు ఏమేం చేశావో పూర్తిగా చెప్పుకుని చూడు, అంతే. మెయిన్ జెట్టు మార్చాలంటే ఫ్లోటు గిన్నె విప్పాలి. గిన్నె విప్పినవాడివి అడుగున ఉన్న మడ్డి కడుగుతావు. కంప్రెసర్ చేతిలోనే ఉంటుంది కాబట్టి పైలట్ జెట్టులోకీ దారుల్లోకీ గాలి కొడతావు. పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కన్నా బాగా సన్నం. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు ఎండి దాన్ని పూడ్చేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు ఇంజనుకూ కార్బొరేటర్‌కూ మధ్య కీలు కూడా కొత్తగా బిగుస్తుంది. నాలుగు పనులు జరిగాయి. పేరు మాత్రం మెయిన్ జెట్టుకు వచ్చింది. బిల్లులో కనపడేది అదొక్కటే కాబట్టి నువ్వూ అదే నమ్మావు, బండివాడూ అదే నమ్మాడు. ఇప్పుడా బండి పూర్తి తెరుపు దగ్గర అక్కర్లేని పెట్రోలు తాగుతూ తిరుగుతోంది. ఒకసారి ఒక్కటే మార్చి పరీక్షించమని నేను పట్టుబట్టేది ఇందుకే. వచ్చిన ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియకపోతే, రేపు ఇంకో బండి దగ్గర ఆ అనుభవం నీకు పనికిరాదు.

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. మెకానిక్ చెప్పిన రెండో వైద్యం, నీడిల్ క్లిప్పును కిందికి దించడం, మెయిన్ జెట్టు మార్చడం లాంటిది కాదు. క్లిప్పు దిగితే నీడిలు పైకి లేస్తుంది, పావు తెరుపు దాటాక మిశ్రమం చిక్కబడుతుంది, తడబాటు చాలాసార్లు నిజంగానే తగ్గుతుంది. మెకానిక్ వాదంలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఇదే. ప్రమాదం కూడా ఇందులోనే ఎక్కువ, ఎందుకంటే మందు పనిచేస్తే రోగం తెలిసిపోయిందని అనుకుంటాం. మాస్టారు మిగతావాటి కన్నా దీని మీదే ఎక్కువసేపు నిలబడాలని నా కోరిక.

మాస్టారు: చిక్కబరిస్తే తగ్గింది కాబట్టి మిశ్రమం పలచగా ఉన్నదే కారణం అంటావు. స్పార్కు సంగతి చూడు. ఐడిలింగులో సిలిండర్‌లోకి వెళ్ళే గాలి కొంచెమే. ప్లగ్గు వెలిగే వేళకు లోపల ఒత్తిడి తక్కువ కాబట్టి తక్కువ వోల్టేజీకే స్పార్కు దూకుతుంది. గ్రిప్పు గబాలున తిప్పితే సిలిండర్ నిండా గాలి చేరి, ఒత్తిడి పెరిగి, అదే సందు దాటడానికి స్పార్కుకు చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. మిశ్రమం పలచబడితే ఇంకా ఎక్కువ కావాలి. ఈ రెండు ఇబ్బందులూ ఒకే అర సెకనులో వచ్చిపడతాయి. పాయింట్లు గుంటలు పడి ఉన్నా, కండెన్సర్ పాడైనా, కాయిల్ వేడికి బలహీనపడినా, ప్లగ్గు వైరులోంచి కరెంటు కారుతున్నా బండి ఐడిలింగులో ఏ లోపమూ చూపించదు, మెల్లగా తిప్పినా చూపించదు, గబాలున తిప్పినప్పుడు దొరికిపోతుంది. అచ్చం కార్బొరేటర్ జబ్బులాగే! ఇప్పుడు నువ్వు క్లిప్పు దించావనుకో. చిక్కని మిశ్రమం బలహీనమైన స్పార్కుకు కూడా తేలిగ్గా అంటుకుంటుంది. తడబాటు పోయింది. చెడిపోయిన కండెన్సర్ మాత్రం అక్కడే ఉంది, ఇంకాస్త పాడైన రోజున మళ్ళీ పలకరిస్తుంది. ఈలోగా ప్లగ్గుకూ పిస్టనుకూ మసి పడుతుంది, మైలేజీ పడిపోతుంది. నీ మందు పనిచేసింది. అయినా రోగం ఏమిటో అది చెప్పలేదు.

మెకానిక్: స్పార్కు చూడకుండా ఎవరైనా కార్బొరేటర్ మీద చెయ్యి వేస్తారా అండీ? ప్లగ్గు విప్పి ఫిన్ను మీద ఆనించి కిక్కు కొడతాం. నీలంగా, టకటకమని పడితే స్పార్కు బాగున్నట్టే. ఆ తరువాతే కార్బొరేటర్.

మాస్టారు: ఆ పరీక్షలో ప్లగ్గు బయటి గాలిలో ఉంది. అర మిల్లీమీటరు పైచిలుకు సందును మామూలు గాలిలో దూకడం నీరసించిన కాయిల్‌కు కూడా చేతనవుతుంది. సిలిండర్ లోపల, అనేక రెట్ల ఒత్తిడిలో దూకగలదా అన్నది అసలు ప్రశ్న. బయట పరీక్షించాలంటే సందు పెంచి చూడాలి. ఆరు మిల్లీమీటర్ల దాకా ఖాళీ పెట్టినా స్పార్కు గట్టిగా దూకితే అప్పుడు నమ్మవచ్చు. పాత 6 వోల్టుల బళ్ళలో బ్యాటరీ కాస్త నీరసంగా ఉన్నా ఈ పరీక్షలో బయటపడుతుంది. తరువాత పాయింట్ల మూత విప్పి చీకట్లో ఇంజను నడిపి చూడు. పాయింట్ల దగ్గర నీలపు మంట పెద్దగా ఎగురుతుంటే కండెన్సర్ మీద అనుమానపడాలి. పాయింట్ల సందు 0.35 మిల్లీమీటర్ల దగ్గర ఉందో లేదో ఫీలర్ గేజితో కొలువు. వీటన్నిటికన్నా ఎక్కువ మంది మరిచిపోయేది ఆటో అడ్వాన్సు. పాయింట్ల ప్లేటు వెనక రెండు బరువులు, వాటికి స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి విచ్చుకుని స్పార్కును ముందుకు జరుపుతాయి. గ్రీజు ఎండి అవి బిగుసుకుంటే ఐడిలింగుకు సరిపోయే టైమింగే పై వేగాల్లోనూ మిగులుతుంది. బండి తిప్పగానే మందకొడిగా, ఆయాసపడుతూ లేస్తుంది. ఇంజను ఆపి, క్యామును వేలితో తిరిగేంతవరకు తిప్పి వదులు. చురుగ్గా వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, మధ్యలో ఆగినా విప్పి కడిగి నూనె వెయ్యి. ఈ పనికి కొనాల్సిన పార్టు ఏదీ లేదు. ట్యాపెట్లు కూడా అదే పూట చూసుకో. చల్లటి ఇంజనులో పుష్‌రాడ్లు పైకీ కిందికీ ఆడకుండా, వేళ్ళతో తేలిగ్గా తిరగాలి, అంతే. ట్యాంకు మూత రంధ్రం పూడుకోవడం, ట్యాపు జల్లెడ మూసుకోవడం లాంటివి ఎక్కువ దూరం వేగంగా పోయాక బండిని ఆపేస్తాయి కానీ నిలబడ్డచోట ఒక్క తిప్పుకు తడబాటు తేవు. వాటి జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు.

మెకానిక్: అయితే మీ మాటతోనే మిమ్మల్ని అడుగుతానండీ. మిశ్రమం పలచనో చిక్కనో తెలుసుకోవడానికి చోక్ కొంచెం వేసి చూడమని మీలాంటివాళ్ళే చెబుతారు. చోక్ వేస్తే తడబాటు తగ్గితే పలచన, పెరిగితే చిక్కన అని. చిక్కదనం స్పార్కు బలహీనతను దాచేస్తుందని ఇప్పుడు మీరే అన్నారు. అలాంటప్పుడు చోక్ పరీక్ష కూడా అబద్ధమే చెబుతుంది కదా?

మాస్టారు: చెబుతుంది. స్పార్కును తేల్చుకోకుండా చోక్ వేసి చూసినవాడు కచ్చితంగా మోసపోతాడు. పరీక్షలకు వరుస ఉండాలని నేననేది అందుకే: మొదట ఇగ్నిషన్, ఆ తరువాత గాలి కారడం, ఆఖరున మిశ్రమం. ఈ వరుస తారుమారైతే ఏ పరీక్షా నిజం చెప్పదు. చోక్ పరీక్షకు ఇంకో పరిమితి కూడా ఉంది. అంతకుముందు బుల్లెట్లకు వచ్చిన అమాల్ మోనోబ్లాక్ కార్బొరేటర్‌లో చోక్ అంటే గాలి దారిలో అడ్డంగా దిగే ఇంకో స్లైడు. హ్యాండిలు మీది లీవరుతో దాన్ని కొంచెం కొంచెంగా దించి, సగం తెరుపు దగ్గర కూడా మిశ్రమాన్ని చిక్కబరిచి చూడవచ్చు. వీఎం24లో చోక్ అలాంటిది కాదు. అది విడిగా ఉన్న ఒక చిన్న పెట్రోలు దారి, ఇంజను పీల్పు బలంగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. స్లైడు బాగా లేచాక పీల్పు తగ్గి, చోక్ వేసినా వేయనట్టే ఉంటుంది. కాబట్టి ఈ బండి మీద చోక్ పరీక్ష చిన్న తెరుపులకే చెల్లుతుంది. పైతెరుపులకు వేరే గుర్తులున్నాయి. పలచన వల్ల వచ్చే తడబాటులో కార్బొరేటర్ నోట్లోంచి ఫట్టుమని దగ్గు వినిపిస్తుంది, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎక్కువై వేడెక్కాక తగ్గుతుంది. చిక్కదనం వల్ల వచ్చేదానిలో సైలెన్సర్ గుడగుడలాడుతుంది, నల్లపొగ వస్తుంది, వేడెక్కేకొద్దీ పెరుగుతుంది. నీడిలు ఏళ్ళ తరబడి రాసుకుని నీడిల్ జెట్టు ఇత్తడి కోలగా అరిగినప్పుడు కనపడేది ఈ రెండో రకమే. అలాంటి బండికి నువ్వు అలవాటు కొద్దీ క్లిప్పు ఇంకా దించితే జబ్బు ముదురుతుంది.

మెకానిక్: ఇన్ని గుర్తులు ఎందుకండీ, ప్లగ్గు విప్పితే రంగే చెబుతుంది కదా! తెల్లగా ఉంటే పలచన, నల్లగా ఉంటే చిక్కన, ఇటుక రంగు ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మా గురువులు నేర్పిందీ అదే.

మాస్టారు: వాళ్ళు నేర్పినప్పుడు పెట్రోలులో సీసం ఉండేది. మన దేశంలో 2000తో సీసం పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. సీసం తగలబడి వదిలే పూత మీద చదివిన రంగులను ఇప్పటి పెట్రోలు మీద అదే నమ్మకంతో చదవలేం. పైగా షెడ్డు దాకా ట్రాఫిక్కులో వచ్చిన బండి ప్లగ్గు ఆ చివరి ఐడిలింగు రంగు చూపిస్తుంది. ఒక నిర్ణీత తెరుపు దగ్గర నడిపి, అక్కడే క్లచ్చు పట్టి ఇంజను ఆపేసి ప్లగ్గు విప్పితే ఆ తెరుపు గురించి కొంత చెబుతుంది. అర సెకను పాటు జరిగే తడబాటు గురించి ప్లగ్గు ఏమీ చెప్పలేదు. ఆ ఆరు పీల్పుల మసి మిగతా వేల పీల్పుల మసిలో కలిసిపోతుంది.

మెకానిక్: సరే, సీసం మాట మీరే ఎత్తారు కాబట్టి ఇథనాల్ మాట నేనెత్తుతాను. ఇప్పుడు బంకులో పోసేది ఆ రోజుల పెట్రోలు కాదు. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మొదలుపెట్టారు, రెండేళ్ళు తిరిగేసరికి అంతటా అదే అయింది. కంపెనీవాళ్ళు ఏనాడో పెట్టిన జెట్లు దీనికి ఎలా సరిపోతాయి? అన్ని బళ్ళూ పలచగానే నడుస్తున్నాయి. కాబట్టి బండి రాగానే చిక్కబరచడమే న్యాయం, పరీక్ష దండగ.

ఈ అభ్యంతరానికి బరువుంది. మాస్టారి పద్ధతి అంతా, కార్బొరేటర్ ఒకప్పుడు సరిగ్గా ఉండేదని, తరువాత ఏదో చెడిందని అనుకుని నడుస్తుంది. ఏమీ చెడకుండానే బయటి లోకం మారిపోతే చెడిన భాగం కోసం వెతకడం వృథా కావచ్చు.

మాస్టారు: లెక్క వేసి చూద్దాం. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది కాబట్టి దానికి 9 వంతులు చాలు. 20 శాతం కలిపితే ఆ అంకె ఇంచుమించు 13.5కు దిగుతుంది. అంటే అదే గాలికి ఇంధనం 9 శాతం దాకా ఎక్కువ పోయాలి. పాత జెట్టు ఆ అదనం పొయ్యలేదు. నువ్వన్నట్టు బండి అంత మేరకు పలచగా నడుస్తోంది. ఆవిరి కావడానికి ఇథనాల్‌కు ఎక్కువ వేడి కావాలి కాబట్టి చల్లటి ఇంజనులో తడబాటు ఇంకా ఎక్కువ. ఇదంతా ఒప్పుకుంటున్నాను. అయితే ఈ పలచదనం ఒక్క గడికి పరిమితం కాదు. పైలట్ నుంచి మెయిన్ దాకా అన్ని తెరుపుల దగ్గరా ఒకేలా ఉంటుంది. నా టేపు గుర్తుల పరీక్షలో అది అన్నిచోట్లా కొద్దికొద్దిగా కనపడాలి. అలా కనపడితే, ఎయిర్ స్క్రూ కాస్త లోపలికి తిప్పడం, అది చాలకపోతే పైలట్ జెట్టు ఒక సైజు పెంచడం, క్లిప్పు ఒక గాడి దించడం, చివరకు మెయిన్ జెట్టు పెంచడం కూడా న్యాయమే. ఐడిలింగు బాగా కుదిరే చోటు ఎయిర్ స్క్రూ అర చుట్టు కూడా విప్పకముందే వచ్చేస్తుంటే పైలట్ జెట్టు చిన్నదని గానీ పూడిందని గానీ అర్థం. మూడు చుట్లు విప్పినా కుదరకపోతే జెట్టు పెద్దది. ఇది కూడా పరీక్షే, చూశావా? ఎక్కడ ఎంత చిక్కబరచాలో పరీక్ష చెప్పకుండా ఇంకెవరు చెబుతారు? అందరి బళ్ళకూ వచ్చిన ఇథనాల్ ఈ ఒక్క బండిని ఒక్క చోటే తడబడేలా చేస్తుంటే, ఇథనాల్ మీద నెట్టేసి ఊరుకోవడం అన్యాయం. అది ఇంకోరకంగా కూడా నేరస్థురాలే: తేమను లాగి ఫ్లోటు గిన్నెలో నీరు చేరుస్తుంది, జింకు లోహపు పోతలో తెల్లపొడి పుట్టిస్తుంది, ఆ పొడి పైలట్ దారిలోకి పోతుంది. ఆ జబ్బుకు జెట్టు పెంచడం మందు కాదు, కడగడమే మందు.

మెకానిక్: మరి స్లైడు అరిగిన కార్బొరేటర్ సంగతో? దాన్ని ఎంత కడిగినా, ఎన్ని గుర్తులు పెట్టినా ఏం లాభం?

మాస్టారు: ఏమీ లాభం లేదు. అక్కడ నీ దారే సరైనది, పారెయ్ అని నేనే అంటాను. కానీ అరిగిందని రుజువు కావాలి. స్లైడును వేలితో ముందుకీ వెనక్కీ ఆడించి చూడు. టకటకమని కొట్టుకుంటే ఆ సందులోంచి లెక్కలోకి రాని గాలి పోతోంది. ఇంజనుకు బిగించే అంచు కూడా చూడాలి. రెండు నట్లనూ బలం కొద్దీ బిగించిన బళ్ళలో ఆ అంచు విల్లులా వంగుతుంది. దాన్ని అద్దం మీద పెడితే కింద వెలుగు కనపడుతుంది. అద్దం మీద గరుకు కాగితం పరిచి రుద్దితే చదునవుతుంది. ఐడిలింగులో ఆ కీలు మీద నీళ్ళు సన్నగా చిమ్మి చూడు, ఇంజను చప్పుడు మారితే గాలి కారుతున్నట్టే. కొందరు పెట్రోలు చిమ్ముతారు, వేడి సైలెన్సర్ పక్కన అది నిప్పుతో చెలగాటం, వద్దు. గాలి కారే సందు ఎప్పుడూ ఒకే కొలత. స్లైడు మూసుకుని ఉన్నప్పుడు అందులోంచి వచ్చే గాలి పెద్ద వాటా, పూర్తిగా తెరిచినప్పుడు లెక్కలోకే రాదు. అందుకే దానివల్ల వచ్చే తడబాటు చిన్న తెరుపుల దగ్గరే ఉంటుంది, ఐడిలింగు ఒకసారి పెరిగి వెంటనే దిగకుండా వేలాడుతుంది. స్లైడూ బాడీ రెండూ అరిగాయని ఇలా తేలితే కొత్తది కొను. కొన్నాక కూడా స్లైడు మీద కోత అంకె, నీడిల్ జెట్టు అంకె, పైలట్ జెట్టు అంకె పాతదానితో పోల్చు. వీఎం24 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ బుల్లెట్ కోసం కుదిర్చినవి కావు, నకళ్ళలో అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. పాతది బండివాడికి తిరిగి ఇవ్వు. దానిలోని అసలు జెట్లు రేపు కొత్తదానికి పనికిరావచ్చు.

మెకానిక్: మీరు చెప్పినవాటిలో అన్నీ కాదనలేనండీ. ఆటో అడ్వాన్సు వేలితో తిప్పి చూడటం రేపటి నుంచే చేస్తాను, దానికి రెండు నిమిషాలు చాలు. నా అసలు చిక్కు వేరే ఉంది. కార్బొరేటర్ మారిస్తే బిల్లులో కార్బొరేటర్ అని రాస్తాను, బండివాడు డబ్బులిస్తాడు. మూడు గంటలు వెతికి, బరువులకు నూనె వేసి పంపితే నూనె చుక్కకు అంత డబ్బెందుకంటాడు. మీ పద్ధతి వల్ల అతనికి డబ్బు మిగిలింది, నాకు మూడు గంటలు పోయాయి. దీనికి మీ పటంలో జవాబుందా?

మాస్టారు: నా పటంలో లేదు, నీ షెడ్డులోనే ఉండాలి. వెతకడానికి విడిగా కూలి పెట్టు, బండి తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పు. ఏ పరీక్షలో ఏం తేలిందో కాగితం మీద రాసి ఇవ్వు: స్పార్కు ఎంత సందు దూకింది, పాయింట్ల సందు ఎంత ఉంది, ఏ గుర్తు దగ్గర తడబడింది, ఎయిర్ స్క్రూ ఎన్ని చుట్ల దగ్గర కుదిరింది. ఆ కాగితం చేతిలో ఉంటే నువ్వు నూనె చుక్క అమ్మావని అతను అనలేడు. కొందరు అప్పటికీ ఇవ్వరు, పక్క షెడ్డుకు పోతారు, అది నిజమే. కానీ మూడు గంటలు మొదటి బండికే పడతాయి. వరుస చేతికి అలవాటయ్యాక, స్పార్కూ అడ్వాన్సూ ట్యాపెట్లూ గాలి కారడమూ చూడటానికి కార్బొరేటర్ విప్పి మార్చేంత సమయం కూడా పట్టదు. పైగా, మార్చాక కూడా తడబాటు పోక వెనక్కి వచ్చిన బండికి నువ్వు కూలి తీసుకోలేవు కదా. ఆ గంటలు కూడా లెక్కలో వేసుకుని చెప్పు.

మెకానిక్: అవి వేస్తే లెక్క మారుతుందండీ, ఒప్పుకుంటాను. అయినా కాగితం రాయమంటే మా కుర్రాళ్ళు రాయరు. ముందు వాళ్ళ చేత ఆ టేపు ముక్కలు అంటించి చూస్తాను.